పిల్లల బొమ్మ బోర్డు

పరాయి దేశంలో చట్టమంటే చట్టమే: రోడ్డు గుర్తుల పరీక్ష పాసవకుండా లారీ ముట్టుకోకూడదు. పరీక్ష రేపే. పుస్తకం పట్టుకుని భార్య అడుగుతోంది, భర్త చెబుతున్నాడు.

“ఎర్ర గుండ్రం, మధ్యలో తెల్ల గీత?”

“లోపలికి వెళ్లకూడదు.”

“అబ్బో, పంతులుగారే! మరి ఇది? ఇద్దరు పిల్లలు నడుస్తున్న బొమ్మ?”

అతను వంగి ఆ బొమ్మకేసి చూశాడు.

“ఏమయ్యా, ఇంత తేలికైంది కూడా రాదా? ముందు బడి ఉంది, నెమ్మదిగా పోవాలని.”

“బడివాళ్ల ప్రకటన అనుకున్నానే, పొద్దున.”

“పొద్దునేంటి? నీకింకా లైసెన్సే లేదుగా!”

“లైసెన్సు తర్వాత, సరుకు ముందు అన్నాడు లారీ ఓనరు. అక్కడే ఒక పాపకి బండి తగిలింది. ఆపబోతే, పక్కనే కూర్చుని పోనియ్యమన్నాడు. పోనిచ్చాను.”

ఆమె పుస్తకం మూసి చెప్పులేసుకుంది.

“లే. ముందు ఆ పాప ఏ ఆస్పత్రిలో ఉందో చూద్దాం. తర్వాత పోలీసులు. ఓనరు పేరు నేను చెబుతా. నీ పేరు మాత్రం నువ్వే చెప్పాలి.”