ఒక్క సైటేషన్

శ్రీనివాసులు ఆ పూట కూడా కంప్యూటర్‌కి దండం పెట్టుకుని మరీ బటన్ నొక్కాడు. స్క్రీన్ మీద అదే గుండుసున్నా.

పక్క కుర్చీలో ఉన్న కుర్ర శాస్త్రవేత్త దినేశ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాదాపూర్‌లోని ఆ పరిశోధన సంస్థలో, ఇమ్యునాలజీ విభాగానికి ఒకప్పుడు పెద్ద దిక్కు ఈయనే. టీకాల మీద ఈయన రాసిన పేపర్లని దేశదేశాల శాస్త్రవేత్తలు తమ పేపర్లలో పేరు పెట్టి ఉదహరించారు. వందల సైటేషన్లు! అలాంటి మనిషి రెండేళ్ల కిందట అన్నీ అటకెక్కించి, ఎవరూ పేరు కూడా వినని జబ్బొకదాన్ని పట్టుకున్నాడు. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఊపిరితిత్తుల మీద పడి తినేస్తాయట. దొరికింది ఒకే ఒక్క పేషెంటు. ఆ ఒక్కరి మీదే పేపరు రాశాడు. అలాంటిది ఎవడు చదువుతాడు? ఎవడూ చదవలేదు, ఒక్క సైటేషనూ రాలేదు.

ఆయన ఊరుకోలేదు. కనిపించిన ప్రతి అడ్రసుకీ మెయిల్ పెట్టాడు. బెంగళూరు సదస్సులో ఒక పెద్ద శాస్త్రవేత్త కోసం బాత్రూం బయట కాపు కాసి, "ఒక్కసారి చదవండి సార్" అని కాళ్లావేళ్లా పడ్డాడు. చూసినవాళ్లంతా ముసిముసి నవ్వులు నవ్వుకున్నారు.

నెలాఖరుకి ఆయన కాంట్రాక్టు అయిపోతుంది. డైరెక్టర్ రాజరాజేశ్వరి మొహమాటపడలేదు. "సైటేషన్లు లేకపోతే బోర్డుకి నేనేం చెప్పనండీ? సోమవారం మీటింగులో టీకాల పనికి తిరిగి వస్తానని ఒక్క మాట అనండి, చాలు."

"ముందు ఈ పేపరు సంగతి తేలనీ మేడమ్" అన్నాడాయన.

రోజూ మధ్యాహ్నం భార్య దగ్గర్నుంచి ఫోను. "ఇంకా రాలేదు వీరలక్ష్మీ" అని పెట్టేస్తాడు. ఇంటావిడకి కూడా ఈ పిచ్చి ఎక్కించాడు మహానుభావుడు, అనుకునేవాడు దినేశ్. అంతకు మించి ఇంటి ముచ్చట్లు ఆయన నోట ఎన్నడూ వినలేదు.

చూసి చూసి దినేశ్ మనసే కరిగింది.

"సార్, గిట్ల పరేషాన్ అయితే ఎట్ల? నా పేపర్ల మీ పేపర్ పేరు పెడ్త. మా దోస్తులకు గూడ చెప్త. మీరు మాది పెట్టుండ్రి. అందరు చేసేదే గద!"

నిజంగానే అందరూ చేసేదే. పేరంటంలో తాంబూలాలు మార్చుకున్నట్టు, నీ పేరు నేను రాస్తే నా పేరు నువ్వు రాస్తావు.

శ్రీనివాసులు మొహం కందగడ్డయింది. "వద్దప్పా! నువ్వు రాస్తే నాకేమొస్తాది? నువ్వు మాత్రం రాయొద్దు!" అంటూ కుర్చీ అటు తిప్పేసుకుని మళ్లీ బటన్ నొక్కాడు.

దినేశ్‌కి ఒళ్లు మండింది. నౌకరి పోతున్నా ఇంత పొగరా! పోతే పోనీ అనుకున్నాడు.

సోమవారం అందరూ మీటింగుకి లేస్తుండగా వెనక నుంచి కేక వినిపించింది. శ్రీనివాసులు స్క్రీన్‌కి ముక్కు ఆనించి చదివిందే మళ్లీ చదువుతున్నాడు. సున్నా ఒకటయింది.

దినేశ్ తొంగి చూశాడు. ఎక్కడో చిలీ దేశపు డాక్టర్లు. శ్రీనివాసులు పేపర్లో ఉన్న జబ్బే తమ దగ్గర కూడా ఒకరికి వచ్చిందని, కీళ్ల నొప్పులకి వాడే ఒక పాత మందు ఇస్తే పేషెంటు కోలుకున్నట్టు రాశారు.

"ముబారక్ సార్! ఇగ మీ నౌకరి ఎటూ పోదు. పాండ్రి, మేడమ్‌కు చూపిద్దాం!"

"మీటింగూ లేదు, ఏమీ లేదు. నీ బండి తియ్యప్పా. లింగంపల్లికి పోదాం పా, మా ఇంటికి!"

దారంతా వెనక కూర్చుని ఒకటే ఏడుపు. కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఆటోవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. ఒక్క సైటేషన్‌కి ఇంత గోలా, ఛీ! దినేశ్‌కి తల కొట్టేసినట్టయింది.

ఇంటి గుమ్మంలోనే వీరలక్ష్మి ఎదురొచ్చింది. "వచ్చింది" అని మాత్రం అనగలిగాడాయన. అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న పన్నెండేళ్ల పిల్ల లోపలి మంచం మీద నుంచి తల ఎత్తి, ఆయాసపడుతూ అడిగింది: "నాన్నా, నా జబ్బే ఉన్నవాళ్లు ఇంకొకరు దొరికారా?"