ఐదో సంతకం

ఉమాశ్రీ భర్తకో జబ్బుంది. ఏ కాగితం తెచ్చినా "ఇక్కడో సంతకం పెట్టు" అంటాడు తప్ప, అదేమిటో చెప్పడు. పదహారేళ్ళుగా ఆవిడా అట్లకాడ ఎడమచేతిలోకి మార్చుకుని పెట్టేస్తూనే ఉంది. దానికి మందు లేదని ఊరుకుంది.

ఇంట్లో చాలనట్టు, ఇవాళ ఆసుపత్రి మీటింగు హాల్లోనూ అదే మాట.

"ఇక్కడో సంతకం పెట్టండి, ఉమాశ్రీగారూ," అన్నారు డాక్టర్ అనంతకృష్ణ.

రాజమండ్రిలో ఆయనది పెద్ద పేరు. కొత్త షుగరు మాత్రని రోగుల మీద పరీక్షించాలంటే కమిటీ ఒప్పుకోవాలి. ఐదుగురు సభ్యులు. వైద్యం తెలియనివాళ్ళు ఒకరుండాలన్న నియమం కింద వచ్చిన గృహిణి ఉమాశ్రీ. నాలుగు సంతకాలు అయిపోయాయి. కంపెనీ మనిషి బయట కారులో ఉన్నాడు. మధ్యాహ్నంలోగా కాగితాలు అందకపోతే పరీక్ష వేరే ఊరికి పోతుంది.

సరిగ్గా ఇవాళే, కొత్త నిబంధనల మీద సిబ్బందికి క్లాసు చెప్పడానికి విశాఖ నుంచి సారిక వచ్చింది. బోర్డు పక్కన నిలబడి చూస్తోంది.

ఉమాశ్రీ కాగితం తిరగేసింది. "కొత్త మాత్ర ఇస్తే రోగుల పాత మందు ఆపేస్తారు కదా, ఆ సంగతి ఇందులో ఎక్కడుందండి?"

డాక్టరు గడియారం చూసుకున్నారు.

"అవన్నీ సాయంత్రం వివరంగా చెప్తాను. ముందు సంతకం కానివ్వండి."

"సాయంత్రానికి మొదటి మాత్ర వేసేస్తారు కదండీ." ఆవిడ నర్సు వైపు తిరిగింది. "సంపూర్ణమ్మగారూ, వరండాలో బుల్లియ్యకి ఎవరైనా చెప్పారా?"

ఆ మొదటి మాత్ర కోసం పట్టిసీమ నుంచి వచ్చిన షుగరు రోగి బుల్లియ్య పొద్దుటి నుంచీ పరగడుపున కూర్చుని ఉన్నాడు.

నర్సు డాక్టరుని చూసింది. తర్వాత నేలని చూసింది. "లేదండి. పెద్ద డాక్టరుగారు చెప్పాక ఇంక అడిగేదేముందండీ అని వేలిముద్ర వేసేశాడండి."

డాక్టరు ముఖం కందిపోయింది. "మీకు వైద్యం తెలుసా?"

"తెలీదండి. అందుకేగా నన్ను వేశారు."

ఎవరో నవ్వబోయి దగ్గారు. బయట కారు హారన్ మోగింది. ఉమాశ్రీ పెన్నుకి మూత పెట్టేసింది.

మళ్ళీ హారన్. డాక్టరు కాగితం వెనక్కి లాక్కున్నారు.

"సంపూర్ణమ్మా, బుల్లియ్యకి ఇడ్లీ తెప్పించి, పాత మాత్రే వెయ్యి. ఆ కారుని వెళ్ళిపొమ్మను."

సారిక ముఖం వెలిగింది. "ఇలాంటి సభ్యురాలే కావాలండి! ఈవిడని కమిటీలో ఎవరు వేశారు?"

డాక్టరు కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచారు.

"నేనేనండి, తప్పు నాదే... మా ఆవిడే కదా, ఎప్పట్లాగే చదవకుండా పెట్టేస్తుందనుకున్నాను."