ముందు నిలబడేవాడి కోటు

"నా కోటేది బాబాయ్?"

దర్జీ ఆంబ్రోస్ తలెత్తలేదు. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని కూర్చునే మనిషి. ఇష్టంలేని ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆ సూదులే ఆయన్ని కాపాడతాయి.

థర్మన్ కొక్కేలవైపు మళ్ళీ చూశాడు. గోధుమరంగువి నాలుగున్నాయి. ఒక్కోదాన్నీ తీసి తన చేతి పక్కన పెట్టుకున్నాడు. అతను ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ఏ ఒక్కటీ మణికట్టు దాకా రాలేదు. వాటిలో మూడు తన పక్కన పాడే ముగ్గురివి, ఆ సంగతి చూస్తూనే తెలుస్తోంది. నాలుగోది మధ్యరకం ఎత్తు, మధ్యరకం ఒళ్ళు. ఎవడిదో!

"మిగతా ముగ్గుర్నీ పిలిచి తొడిగించి చూశావట. నన్ను మాత్రం పిలవలేదేం?"

"శనివారం రికార్డింగులో తెలుస్తుందిలే నాయనా."

"మరి ఆ గుడ్డ కప్పిందేమిటి?"

"దాని జోలికి పోకు. అది ముందు నిలబడేవాడిది." ఆంబ్రోస్ ఈసారి సూదులు తీసి మరీ చెప్పాడు.

లాంగ్లీ ఫైవ్ అనే ఐదుగురి పాటల బృందంలో ముందు నిలబడేది లీలాండ్. వెనక నలుగురి కోట్లూ ఒకే రంగు, అతనిది మాత్రం మీగడరంగు. పదకొండేళ్ళుగా, పద్నాలుగు రికార్డులుగా అదే వరస. థర్మన్‌ది వెనక, ఎడమ చివర. అడుగునుంచి పాటను మోసే గొంతు అతనిది. షికాగోలో ఆ గొంతు తెలియని రేడియో లేదు, ఆ పేరు తెలిసినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది.

ఆ బృందంలో ఎవర్నీ నోటితో పొమ్మనరు. కొత్త కోట్లు కుట్టిస్తారు. తన కోటు కనబడనివాడు తానే అర్థం చేసుకుని ఇంటికి పోవాలి. ఇంతకుముందు వాళ్ళతో పాడిన రాస్కోని అలాగే పంపారు. ఇప్పుడతను కబేళాలో మాంసం మోస్తున్నాడు. మొన్న ఆదివారం చర్చి మెట్లమీద ఎదురైతే థర్మన్ తల తిప్పుకున్నాడు. ఆ తల తిప్పుకోవడమే ఇప్పుడు గుర్తొచ్చింది.

అక్కడే ఉన్న ఫోనులో లీలాండ్‌ని పట్టుకున్నాడు.

"నాలుగో కోటు ఎవరిది అన్నా?"

"శనివారం చెబుతాను తమ్ముడూ."

"ఇప్పుడే చెప్పు. కొత్త పాట శ్రుతి అంతలా దించేశావే, మరి నన్నెక్కడ పాడమంటావ్, నేలమాళిగలోనా?"

లీలాండ్ నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే దగ్గయింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. "చెబుతానన్నాగా. ఈ రెండ్రోజులూ నన్ను నమ్ము," అని పెట్టేశాడు.

ఆ దగ్గు సంగతి థర్మన్ ఒక్కడికే తెలుసు. రెండు వారాల కిందట గొంతు డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్ళింది అతనే. పై స్వరాలు ఇక రావని డాక్టరు చెప్పాక, లీలాండ్ కారులో కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ముక్క కంపెనీలో గ్యారెట్ చెవిన పడకూడదు. సమయం చూసి నేనే చెప్పుకుంటాను. ఒట్టు వెయ్యి," అన్నాడు. థర్మన్ వేశాడు.

ఒట్టుకి నేనొక్కడినే కట్టుబడి ఉండాలా? అనుకుంటూ, సరస్సు మీదినుంచి కోసేస్తున్న చలిగాలిలో మిషిగన్ అవెన్యూ దాకా నడిచాడు. రికార్డు కంపెనీ గ్యారెట్‌ది. అతని గది రెండో అంతస్తులో ఉంది.

లీలాండ్ గొంతు సంగతి గ్యారెట్ అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. అదే భయంగా ఉంది.

"డాక్టరు అన్న మాటేనా అది?"

"నా చెవులారా విన్నాను సార్."

"మరి మీలో ఇంకెవడైనా ముందు నిలబడి పాడగలడా? ఆలోచించి చెప్పు."

థర్మన్ కళ్ళముందు ఆ నాలుగో కోటు ఆడింది. వచ్చేవాడెవడో, వాడికి మాత్రం దారి ఇవ్వదలచుకోలేదు.

"లేడు సార్. ఒక్కడూ లేడు."

గ్యారెట్ ఫోనెత్తాడు. "శనివారం స్టూడియో ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. లాంగ్లీ ఫైవ్ ఒప్పందం చించెయ్యి... ఆ, మొత్తం ఐదుగురిదీ."

"సార్! నేను చెప్పింది లీలాండ్ గురించి..."

"ముందు గొంతు లేకపోతే వెనక గొంతులతో నాకేం పని? వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళు."

థర్మన్ తలుపు వేసి మెట్లు దిగసాగాడు. సగం దిగేసరికి కింద తలుపు తెరుచుకుని చలిగాలి కొట్టింది. లీలాండ్ ఎక్కి వస్తున్నాడు. చేతిమీద గుడ్డ కప్పిన కోటు ఉంది.

"ఇక్కడున్నావా! నువ్వు అలిగి మిషిగన్ అవెన్యూ వైపు వెళ్ళావని ఆంబ్రోస్ ఫోను చేశాడు. ఇక నా దాపరికం చాలనుకుని, కోట్లు తీసుకుని వచ్చేశా." రొప్పుతూనే నవ్వాడు. పైకోటు గుండీలు విప్పాడు. లోపల గోధుమరంగు కోటు, అతని ఒంటికి అతికినట్టు ఉంది. "నాలుగోది నాదేరా. ఇకనుంచి నేను వెనక, ఎడమ చివర."

కప్పిన గుడ్డ తీశాడు. మీగడరంగు కోటు. దాని చేతులు మెట్టు దాకా వేలాడాయి.

థర్మన్ గోడ పట్టుకున్నాడు. "నాకు కొలతలు తియ్యలేదుగా..." అన్నాడు.

"పదకొండేళ్ళుగా కుడుతున్నవాడికి నీ కొలతలెందుకు? నీ శ్రుతికి పాట దించింది చాలదన్నట్టు నీకు కోటు కూడా నేనే మోసుకురావాలా? తొడుక్కో తమ్ముడూ. నా గొంతు సంగతి ఇంకెవరైనా గ్యారెట్ చెవిన వేసేలోగా, నిన్ను నేనే ఆయన ముందు నిలబెట్టాలి."