చెయ్యెత్తితే చాలు

పళ్ల క్లినిక్‌లో రిసెప్షన్ వదిలేసి, ఎక్స్‌రే గది తలుపేసుకుని ఫోన్‌లో మేడమ్ ముందు కూర్చున్నాను. నాకు ఆన్‌లైన్‌లో థెరపీ చేసేది ఆవిడే.

"కలయికప్పుడు ఇంత నొప్పి పుడుతోందని మీవారికి చెప్పారా?"

"గొంతు చించుకుని చెప్పానండీ. ఆడవాళ్లంతా ఓర్చుకోవట్లేదా, కాస్త ఓర్చుకో అంటాడు. ఏడిస్తే, మొదలెట్టావా అని విసుక్కుంటాడు."

గోడ అవతల డ్రిల్ రొద ఆగింది. చెయ్యి మెత్తనిదని ఊరంతా పేరున్న డాక్టరు, పేషెంటుతో అంటున్నాడు. "భయపడకమ్మా. ఇసుమంత నొప్పనిపించినా చెయ్యెత్తు చాలు, అక్కడికక్కడే ఆపేస్తా. నీ నొప్పి నాకెలా తెలుస్తుంది? నువ్వే చెప్పాలి."

మేడమ్‌కీ వినబడింది. "విన్నారా? ఇంట్లో అలాంటి మనిషుంటే సగం వైద్యం అయిపోయినట్టే."

నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు ధడాలున తోసుకెళ్లి, పేషెంటు కుర్చీ పక్కన నిలబడి చెయ్యెత్తాను.

డాక్టరు మాస్కు కిందికి లాగాడు.

"మొదలెట్టావా? పేషెంటుంది, కనబడట్లేదూ? ఇంటికెళ్లేదాకా కాస్త ఓర్చుకోవే."

నేను చెయ్యి దించలేదు.