పచ్చబాణం

"మీరేమంటారు?" అని అడిగారు మేనేజరు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

తీరా చూస్తే ఆ ప్రశ్న ఆయనకు కాదు. కిటికీ పక్కన కూర్చున్న కొత్తావిడకు!

మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

జనం దాచుకున్న డబ్బును షేర్లలో పెట్టి చూసుకునే చిన్న ఆఫీసు అది. ధరల చార్టులు చూసి, ఏది ఎప్పుడు కొనాలో తొమ్మిదేళ్ళుగా చెబుతున్నది మాస్టారే. అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు, చార్టుల మాస్టారంటే చాలు. "మీరేమంటారు?" అన్న ప్రశ్న ఆ తొమ్మిదేళ్ళూ ఆయన సొంత ఆస్తి.

ఈవిడ వచ్చి పట్టుమని పదిరోజులు కాలేదు. యాభై దాటిన మనిషి. ఇస్తామన్న జీతానికి బేరమాడకుండా చేరింది.

ఆరోజు తేల్చాల్సింది ఒక్కటే. ఒకటో తారీఖు నుంచి ఆఫీసు ఏ సైటు వాడాలి?

మొదటిది చూడ్డానికి చప్పగా ఉంటుంది. కంపెనీల లాభనష్టాలు, ధరల గీతలు, అంతే. రెండోది రంగుల సైటు. కొనాల్సిన చోట ఆకుపచ్చ బాణం, అమ్మాల్సిన చోట ఎర్రబాణం అదే వేసిపెడుతుంది. వెనక్కి తిప్పి ఏ ఏడాది చూసినా ఒక్క బాణమూ గురి తప్పలేదు. మాస్టారు దాని మీద మనసు పారేసుకున్నారు.

"చప్పటిదే మేలండీ. ఆ బాణాల్ని నమ్మకండి," అంది కొత్తావిడ.

"ఎందుకట?" మాస్టారు అందుకున్నారు.

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది.

"నేను చెప్పకూడదు. పదిరోజులు టైమివ్వండి, చూపిస్తాను."

"సరే, మీ ఇష్టం," అన్నారు మేనేజరు.

మీ ఇష్టం! మాస్టారితో ఏనాడైనా అన్నారా ఆ మాట?

ఇంటికెళ్ళి భార్య దగ్గర కక్కేశారు.

"నిన్నగాక మొన్న వచ్చింది, కిటికీ కుర్చీ ఇచ్చేశారు! నేను తొమ్మిదేళ్ళు గోడ మొహం చూస్తూ కూర్చున్నాను."

"అంత బాగా చేస్తుందా ఆవిడ?"

"నువ్వు కూడా మొదలెట్టావూ!"

మర్నాటి నుంచి మాస్టారి కళ్ళన్నీ ఆవిడ మీదే. రోజూ సాయంత్రం, ట్రయల్‌కిచ్చిన రంగుల సైటులో కొన్ని చార్టులు అచ్చు తీస్తుంది. పొద్దున్నే మళ్ళీ అవే తీస్తుంది. పక్కపక్కన పెట్టి, స్కేలుతో కొలిచి, ఎర్రసిరాతో సున్నాలు చుట్టి ఫైల్లో పెడుతుంది.

ఓసారి వెనక నుంచి తొంగిచూశారు.

సున్నాలు చుట్టినవన్నీ ఆ బాణాలు చూసి మాస్టారు కొందామన్న షేర్లే!

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడోరోజు తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళారు.

"ఆవిడ నా తప్పులు పోగేస్తోందండీ. నేను పనికిరానని ఫైలు కడుతోంది."

"ఛఛ, అలాంటి మనిషి కాదండీ."

"నేనెలాంటి మనిషినో మర్చిపోయారన్నమాట! ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చండి."

మేనేజరు పాపం ఏం చేస్తారు? ఖాతాదారుల్లో సగంమంది మాస్టారి మొహం చూసి వచ్చినవాళ్ళే. మాస్టారి బావగారైతే రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా తెచ్చి ఆయన చేతిలో పోశారు.

సాయంత్రానికి కొత్తావిడ సంచి సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ ఫైలు మాస్టారికి అందించబోయింది.

"ఇది మీకోసమే మాస్టారూ. ఇంకో మూడురోజులుంటే పూర్తయ్యేది."

"నా తప్పుల జాబితా నాకెందుకమ్మా? మీరే పట్టుకెళ్ళండి."

"పోనీ ఒక్కమాట వినండి. బాణం పడ్డరోజే కొనకండి. వారం ఆగి, అది ఎక్కడుందో మళ్ళీ చూడండి."

"నాకు చెప్పొచ్చేంతవారా మీరు?"

ఆవిడ ఫైలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మాస్టారు కిటికీ కుర్చీలోకి మారారు. ఎన్నాళ్ళకో కడుపులో మంట చల్లారింది.

ఒకటో తారీఖున రంగుల సైటు వచ్చింది. రెండో తారీఖున ఓ షేరు మీద పచ్చబాణం పడింది. బావగారి సొమ్ములో ముప్పావు వంతు మాస్టారు దాని మీద పెట్టేశారు.

ధర పెరగలేదు సరికదా, వారం తిరక్కుండా జారడం మొదలెట్టింది. మూడోవారానికి సగానికి సగం పోయింది.

అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, బావ అడగమన్నారు. అంతా బాగానే ఉందిగా?"

"బాగానే ఉందక్కా."

ఫోన్ పెట్టేసి చార్టు తెరిచారు. రెండో తారీఖు మీద పచ్చబాణం లేదు. ఆయన కొన్న రోజు మీదే, కొన్న ధర దగ్గరే, నిక్షేపంగా ఎర్రబాణం ఉంది.

మాస్టారు వెంటనే సైటు కంపెనీకి ఫోన్ కొట్టారు.

"మీ బాణం మారిపోయిందయ్యా!"

"మారుతుందండీ," అవతలి మనిషి గొంతు తగ్గించాడు. "ధర ఎటు పోయిందో చూసుకుని, వెనకటి బాణాల్ని అదే సర్దేసుకుంటుంది. అందుకే పాతవన్నీ అంత కచ్చితంగా కనబడతాయి. నేను చెప్పానని మాత్రం అనకండి."

"తెలిసి తెలిసి ఎలా అమ్మారు?"

"దాన్ని తయారుచేసిన మేడం కూడా అదే అడిగారండీ. సరిచేసేదాకా అమ్మడానికి వీల్లేదని ఓనరుతో పోట్లాడి ఉద్యోగం వదిలేశారు. బయట నోరెత్తకూడదని ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నారు. ఇంతకీ మీది ఏ ఆఫీసండీ?"

మాస్టారు చెప్పారు.

"భలేవారండీ! మేడం మీ దగ్గరేగా చేరారు, ఆవిణ్ణి పక్కనే ఉంచుకుని నాకు ఫోన్ చేస్తారేంటి?"