ఎర్ర గోళ్లు

హోబార్ట్ పిన్నెల్ దాన్ని దొంగతనం అనేవాడు కాదు. చూడడం అనేవాడు. దేవుడిచ్చిన కళ్లతో, కాస్త దుర్భిణి సాయంతో చూడడం. ఆదివారం చర్చిలో చందా పళ్లెం పట్టుకు తిరిగే మనిషికి ఆ తేడా తెలియకపోదు.

ఇరవై రెండేళ్లుగా అతనిది బేస్‌బాల్ మైదానం చివర స్కోరుబోర్డులో పని. లోపల కూర్చుని అంకెల పలకలు మారుస్తాడు. పనిలో పనిగా ఎదుటి జట్టు క్యాచర్ వేళ్లు చూస్తాడు. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చునే క్యాచర్, ఏ బంతి వెయ్యాలో తన పిచర్‌కి వేళ్లతో సైగ చేస్తాడు. ఒక వేలైతే వేగం బంతి, రెండైతే వంపు బంతి. రెండు కనిపిస్తే హోబార్ట్ బోర్డు కిటికీ తెరుస్తాడు. అటు సొంత బ్యాటర్ దాన్ని చూసుకుని వంపుకి సిద్ధమవుతాడు.

ఈసారి ఫైనల్‌కి వచ్చినవాడు లెన్ కుబియాక్. వరసగా నాలుగేళ్లు ఛాంపియన్లయిన జట్టుకి క్యాచర్. పొద్దున్నే సొంత జట్టు మేనేజర్ మెక్‌గార్టీ వచ్చి, వచ్చే ఏడు యజమాని కరెంటు బోర్డు పెట్టిస్తున్నాడని చెప్పాడు. గెలిస్తే హోబార్ట్ ఉద్యోగం నిలబెడతానన్నాడు, ఓడితే తాళంచెవి ఇచ్చి ఇంటికి పొమ్మన్నాడు. అరవై ఎనిమిదేళ్లవాడికి ఇంకో పని ఎవరిస్తారు? హోబార్ట్‌కి భయం వేసింది.

దుర్భిణి పెట్టగానే భయం ఎగిరిపోయింది. కుబియాక్ గోళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి.

వాళ్ల పిచర్ టెంచ్‌కి చూపు ఆనడం లేదని లీగంతా చెప్పుకునేదే. సైగ కోసం మెడ సాచేవాడు, కళ్లు చిట్లించేవాడు, ఆట ఆపి మరీ కళ్లు తుడుచుకునేవాడు. పాపం వాడి కోసం కుబియాక్ పెళ్లాం గోళ్లరంగు పూసుకొచ్చాడు. పెళ్లికూతురొచ్చిందని జనం ఒకటే గోల. కుబియాక్ మాస్కు సర్దుకుని నవ్వి ఊరుకున్నాడు. బంతి బంతికీ మాస్కు సర్దుకోవడం అతనికి అలవాటే.

ఎనిమిది ఇన్నింగ్స్‌ల దాకా ప్రతి సైగా నిజమైంది. ఆఖరి ఇన్నింగ్స్‌లో కుబియాక్ జట్టు ఒక్క పరుగు ముందుంది. మెక్‌గార్టీ మనుషులు మూడు బేసుల్లోనూ పరుగుకి సిద్ధంగా ఉన్నారు, ఇద్దరు అవుట్. ఒక్క మంచి దెబ్బ తగిలితే కప్పు వాళ్లదే.

కుబియాక్ రెండు వేళ్లు చూపించాడు. హోబార్ట్ కిటికీ తెరిచాడు. వచ్చింది వేగం బంతి. మళ్లీ రెండు వేళ్లు, మళ్లీ వేగం బంతి. బ్యాటర్ తన కళ్లకన్నా స్కోరుబోర్డునే నమ్మే రకం. మూడోసారి కూడా వంపు కోసం చూస్తూ, మూడు బంతులూ పోగొట్టుకుని నిలబడ్డ చోటే అవుటయ్యాడు. ఆ మూడో అవుట్‌తో ఆటా పోయింది, కప్పూ పోయింది.

"ఎవడికి అమ్ముడుపోయావురా ముసలోడా?" అన్నాడు మెక్‌గార్టీ. తను ఎంతో నిజాయితీగా దొంగిలించానని హోబార్ట్ బైబిలు మీద ఒట్టేశాడు. మేనేజర్ తాళంచెవి లాక్కుపోయాడు.

హోబార్ట్ బోర్డు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే కుబియాక్ వచ్చి పక్కన కూర్చున్నాడు. గోళ్లరంగు ఇంకా అలాగే ఉంది.

"నేను చూసింది రెండు వేళ్లేనయ్యా," అన్నాడు హోబార్ట్.

"రెండే పెద్దాయనా. కాకపోతే అసలు సైగ మాస్కులో ఉంది. ఒకసారి సర్దితే వేగం, రెండుసార్లు సర్దితే వంపు. వేళ్లు పొద్దుటినుంచీ నిజం చెప్పాయి, చివర్లో ఒక్క అబద్ధం చెల్లడానికి."

హోబార్ట్ అతని గోళ్ల వైపు చూశాడు. "మరి ఆ రంగెందుకు? టెంచ్ చూసేది మాస్కునైతే, గోళ్లతో వాడికేం పని?"

"వాడిది గద్దచూపు, ఆ కళ్లు చిట్లించడమంతా నటన. రంగు మీ కోసం. ఈ వయసులో అంత దూరం నుంచి మీకు ఆనుతుందో లేదోనని మా ఆవిడ ఒకటే బెంగ పెట్టుకుంది."