నడవలో టోపీ

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది అయిదుగురు. ముందుగదిలో మిసెస్ పెన్‌ఫోల్డ్, ఆమె ఎదురుగా మిస్టర్ థ్రేల్. వంటింట్లో పనిమనిషి డోర్కస్. మెట్ల మీద మిసెస్ పెన్‌ఫోల్డ్ కూతురు, పదిహేడేళ్ళ టాబిథా, ఆమె తమ్ముడు ఎడ్గర్. నడవలో కొక్కేనికి వేలాడుతున్న టోపీ ఆరో మనిషిలా అనిపించింది టాబిథాకి.

నల్లటి పట్టు టోపీ. పొగగొట్టంలా నిలువుగా, నిగనిగలాడుతూ ఉంది. నాన్న పోయినప్పటి నుంచి ఆ కొక్కేనికి ఎవరూ ఏదీ తగిలించలేదు.

"అక్కా, ఆయన టోపీ మర్చిపోయి లోపలికెళ్ళాడు," అన్నాడు ఎడ్గర్ గుసగుసగా.

"మర్చిపోలేదురా." అంది టాబిథా.

చూడటానికి వచ్చిన మగవాడు టోపీని చేత్తో పట్టుకునే ముందుగదిలోకి వెళ్తాడు. కుర్చీ పక్కన నేల మీద పెట్టుకుంటాడు. కాసేపట్లో లేచి వెళ్ళిపోతానని దాని అర్థం. నడవలో కొక్కెం ఇంటి మగవాళ్ళది. వేసవి అంతా మిస్టర్ థ్రేల్ టోపీతో లోపలికి వచ్చాడు, టోపీతో వెళ్ళాడు. ఇవాళ మాత్రం కొక్కెం వైపు చూసి, నవ్వి, తగిలించేశాడు.

టీ పళ్ళెంతో వచ్చిన డోర్కస్ నడవలోనే ఆగిపోయింది.

"ఓరి దేవుడా! తగిలించేశాడే! ఇంక పెళ్ళే, అమ్మాయిగారూ."

"మెల్లగా డోర్కస్!"

"మెల్లగా అంటే మాత్రం ఆగుతుందా? మీ తాతగారిది బీవర్ బొచ్చు టోపీ. వానకి తడిస్తే కుక్క కంపు. మీ అమ్మమ్మగారింట్లో ఓ రోజు ఇలాగే తగిలించాడు. పోయేదాకా తియ్యలేదు." డోర్కస్ టాబిథా తల వైపు చూసింది. "పొద్దున్నే అమ్మగారు మీ జడ విప్పించి పెద్దాళ్ళలా ముడి ఎందుకు వేయించారో ఇప్పుడు తెలిసింది. పెళ్ళి మాటలప్పుడు ఇంట్లో చిన్నపిల్లలున్నట్టు కనిపించకూడదుగా!"

ఆమె తలుపు తట్టి, పళ్ళెం లోపల పెట్టి, గబగబా వంటింట్లోకి పోయింది.

"అంటే ఆయన మనకి నాన్నవుతాడా?" అన్నాడు ఎడ్గర్.

వాడి ఒళ్ళో ఇంకో టోపీ ఉంది. అదే పట్టు, అదే ఆకారం, చిన్నది. మిస్టర్ థ్రేల్ తెచ్చిందే. "బడికి మగాడిలా వెళ్ళాలి," అంటూ వాడి నెత్తిన పెట్టి, చెవులు వంగేదాకా అదిమాడు. అంతకు ముందువారం ఎడ్గర్ సరదాకి ఆయన టోపీని వేలితో నిమిరాడు. ఆయన వాడి మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడేదాకా వదల్లేదు. "పట్టుని ఎదురు నిమరకూడదు బాబూ," అన్నాడు, చాలా మెత్తగా. అప్పుడు అమ్మ గదిలో లేదు.

"అమ్మతో చెప్పావా?" అడిగింది టాబిథా.

"చెప్తే ఊరుకోనన్నాడు."

లోపల అమ్మ గొంతు వినిపించడం లేదు. ఆయన గొంతే, ఒకే తీరుగా, సాగుతోంది. అమ్మ సన్నటి చేతులు గుర్తొచ్చాయి టాబిథాకి. లేచింది.

"వద్దక్కా! పిలవకుండా వెళ్తే తిడతారు."

"తిట్టనీ."

తలుపు తోసింది. మిస్టర్ థ్రేల్ నిప్పుగూటికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, ఒప్పుకోకు!" అంది టాబిథా. ఆ గొంతు తనదిలా లేదు. "ఎడ్గర్ చెయ్యి ఎలా నొక్కిపెట్టాడో నీకు తెలీదు. ఈయన మనకొద్దు!"

మిస్టర్ థ్రేల్ నవ్వాడు. "అల్లరి పిల్లలన్నాక కాస్త భయం ఉండాలి కదండీ."

అమ్మ ఆయన వైపు చూడలేదు. "ఒప్పుకున్నాను, టాబీ. మాటిచ్చేశాను."

"ఎందుకమ్మా?"

"మగదిక్కు లేని ఇల్లు. ఎన్నాళ్ళని నెట్టుకురాను? నీకిప్పుడు అర్థం కాదులే."

ఆమె దగ్గరికి వచ్చి, టాబిథా ముడిలోంచి జారిన పిన్నును సరిచేసింది. వేళ్ళు చల్లగా తగిలాయి.

"పద, బయటికెళ్దాం," అంటూ టాబిథా ఆమె చెయ్యి పట్టుకుంది. అమ్మ ఒక్కొక్క వేలే విడిపించుకుంది.

"ఆయన నిన్ను అడగబోయేది విను. ఎదురు చెప్పకు."

రొట్టెలవాడితో కూడా టాబిథాని గుమ్మంలో ఒంటరిగా నిలబడనివ్వని మనిషి ఆమె.

ఇవాళ టాబిథాని ఆయన దగ్గరే వదిలి తనొక్కతే బయటికి వెళ్ళి, తలుపు వేసేసింది.